జేసీబీ పుట్టినరోజు కావాలంటున్న బాబు, వద్దంటున్న తాత

ఉత్తరం

మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కొంత కుదించి, ముఖ్యమైన చోట ఆమె మాటలే ఉంచి ఇస్తున్నాను.

ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచర్. భర్త కరెంటు సామాన్ల దుకాణం నడుపుతున్నారు. అత్తమామలు వీళ్లతోనే ఉంటారు. ఒక్కడే బాబు. శ్రావణ మాసంలో వాడికి ఐదేళ్లు నిండుతాయి. ఇంకా నెలన్నర ఉంది గానీ ఇంట్లో అప్పుడే మాటలు తగ్గిపోయాయి.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఉండే వాళ్ల బావగారు కూతురి పుట్టినరోజును ఫంక్షన్ హాల్లో అడవి థీమ్‌తో చేశారు. ప్లాస్టిక్ చెట్లు, గేటు దగ్గర పులి బొమ్మ, ఎలుగుబంటి వేషం కట్టిన మనిషి. ఆ ఎలుగుబంటి ఎత్తుకోబోతే ఈ బాబు హడలిపోయి టేబుల్ కిందికి దూరాడు. కేక్ కోసేదాకా బయటికి రాలేదు. కేక్ కోసింది రాత్రి పావు తక్కువ పదికి. అప్పటికి పుట్టినరోజు పాపే నిద్రపోతే లేపి కోయించారట.

ఇప్పుడు నీకేం థీమ్ కావాలిరా అని అడిగితే బాబు ఒకటే మాట చెప్తున్నాడు: "జేసీబీ. కానీ దానిలో మనిషి ఉండొద్దు." వాళ్ల వీధిలో డ్రైనేజీ పనికి వచ్చిన జేసీబీని వారం రోజులు గేటు పట్టుకుని చూశాడు. టిప్పర్ ఏది, పొక్లెయిన్ ఏది, రోడ్డు రోలర్ ఏది అని పెద్దవాళ్లకే చెప్తాడు.

భర్తకు ఇది నచ్చలేదు. "అన్న అట్ల చేసిండు. మనం జేసీబీ పెడితే చూసినోళ్లు నవ్వరా?" అంటున్నారు. ఈవెంట్ వాళ్లను అడిగితే అలంకరణ, యాంకర్, ఆటలు కలిపి 48 వేలన్నారు. హాలు, భోజనాలు కలిస్తే లక్షా 20 వేలు దాటుతుంది. వీళ్లు పక్కన పెట్టుకున్నది 30 వేలు. మిగతాదానికి చిట్టీ ఎత్తుకుంటానంటున్నారు ఆయన.

అసలు గొడవ మామగారితో వచ్చింది. ఆయన 28 ఏళ్లు గుంపు మేస్త్రి వెంట మహారాష్ట్ర, గుజరాత్ వలసపోయి మట్టిపని చేసిన మనిషి. జేసీబీ మాట వినగానే అన్నం ముందు నుంచి లేచిపోయారట. "ఆ బండి వచ్చినంకనే మా గుంపుకు పని పోయింది. మట్టి మోసుడు నాతోనే ఆగాలని మిమ్మల్ని సదివిపిచ్చిన. ఇప్పుడు మల్ల ఇంట్లకు అదే తెస్తరా?" అన్నారు. రెండు వారాలుగా ఆ సంగతి ఎత్తడం లేదు. "తాతకు నా మీద కోపమా?" అని బాబు అడుగుతున్నాడు.

అత్తగారిది వేరే మాట. గుడికి పోవాలి, హారతి పట్టాలి, దీపం నోటితో ఊదొద్దు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "ఏ థీమ్ పెట్టాలి, మామయ్యకు ఎట్ల చెప్పాలి అని అడగడానికి మొదలుపెట్టిన. రాస్తా రాస్తా ఉంటే అసలు చేయొద్దనిపిస్తోంది. బాబు పుట్టినరోజు అంటేనే టెన్షన్ వస్తోంది. ఇది తప్పా?"

సమాధానం

అమ్మా, తప్పు కాదు. ముందు ఆ చివరి మాట దగ్గరే ఆగుతాను. మీ ఇంట్లో నలుగురికీ ఈ పుట్టినరోజు గురించి తలా ఒక కోరిక ఉంది. చేయాల్సిన పని మాత్రం మీ ఒక్కరిదే. ఈవెంట్ వాళ్లకు ఫోన్ చేసింది మీరు, లెక్క వేసింది మీరు, తాతకు కోపం లేదని బాబుకు సర్దిచెప్పింది మీరు, బడి నుంచి వచ్చి ఈ ఉత్తరం రాసింది మీరు. అలసట రాకపోతేనే ఆశ్చర్యం. నాలుగు పేజీల్లో మీకు ఏం కావాలో ఒక్క వాక్యం కూడా లేదు. కాగితం తీసుకుని ముందు అది రాయండి. ఫొటోలు బాగా రావాలనా, మీ పుట్టింటి వాళ్లు రావాలనా, ఆ రోజు మీరు వంటింట్లో కాకుండా బాబు పక్కన కూర్చోవాలనా? చిన్నదైనా సరే. ఏ దారి ఎంచుకున్నా ఆ ఒక్కటీ అందులో ఉండాలి.

ఇక బాబు సంగతి. "దానిలో మనిషి ఉండొద్దు" అన్న మాట నన్ను పట్టేసింది. మీ అబ్బాయి పోయిన ఏడాది భయాన్ని మరిచిపోలేదు, ఆ భయం మళ్లీ రాకుండా తనే ఒక షరతు పెట్టుకున్నాడు. నాలుగైదేళ్ల పిల్లలకు వేషం లోపల మనిషి ఉన్నాడని చెప్పినా నమ్మకం కుదరదు. కదలని పెద్ద ముఖం, లోపలి నుంచి మనిషి గొంతు రెండూ కలిస్తే వాళ్లకు అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అందుకే హడలిపోతారు. మీరు ఏ హాల్లో చేసినా, ఏ థీమ్ పెట్టినా వేషం కట్టిన మనిషి వద్దని ఈవెంట్ వాళ్లకు ముందే, కాగితం మీదే చెప్పండి. మీరు అడగకపోయినా "సర్‌ప్రైజ్"గా పంపిస్తారు. ఈ విషయంలో మాత్రం నేను రెండు వైపులా మాట్లాడలేను. వాడు అడిగింది చాలా చిన్నది, దాన్ని కాపాడాలి.

ఇప్పుడు మీ ఆయన గురించి. ఉత్తరం రెండో పేజీలో మీరు ఏదో సందర్భంలో ఒక మాట రాసి వదిలేశారు. నేను దాన్ని పైన చేర్చకుండా ఇక్కడికోసం దాచాను. మీ ఆయనకు తన అసలు పుట్టిన తేదీ తెలియదు. సర్టిఫికెట్లో ఉన్న జూన్ తేదీ బడిలో చేర్చేటప్పుడు సారు వేసింది. నేను నల్లగొండ దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా తరగతిలో సగం మందికి జూన్‌లోనే పుట్టినరోజు. ఐదేళ్లు నిండినట్టు చూపించడానికి సార్లు అలా వేసేవాళ్లు. పైగా మీ ఆయన చిన్నప్పుడు అమ్మానాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు వలసలో ఉంటే నాయనమ్మ దగ్గర పెరిగారని మీరే రాశారు. అలాంటి మనిషి కొడుక్కి ఐదేళ్లు నిండుతుంటే హాలు కావాలి, లైట్లు కావాలి అనడం అన్నతో పోటీ ఒక్కటే కాదేమో. తనకు ఎవరూ చేయనిది కొడుక్కి చేస్తున్నారు ఆయన. లక్ష రూపాయల లెక్క చూపించి వాదిస్తే ఈ కోరిక తగ్గదు, ఇంకా గట్టిపడుతుంది. లెక్క తర్వాత చూపించవచ్చు. ముందు, "నీ చిన్నప్పుడు పుట్టినరోజు చేసి ఉంటే ఎట్ల చేయించుకునేవాడివి?" అని అడగండి. ఆయన చెప్పేదాంట్లో హాలు రాకపోవచ్చు. అమ్మానాన్న ఇద్దరూ ఇంట్లో ఉండేవాళ్లు అనవచ్చు. అదైతే మీ దగ్గర ఇప్పుడే ఉంది, దానికి అద్దె లేదు.

చిట్టీ మాట కూడా చెప్పాలి. చిట్టీ ముందుగా ఎత్తుకోవడమంటే పాటలో ఎక్కువ వదులుకోవడం. రెండు లక్షల చిట్టీని మొదటి నెలల్లో పాడితే చేతికి లక్షన్నరే రావచ్చు, నెల నెలా కట్టాల్సింది మాత్రం చివరిదాకా ఉంటుంది. ఒక సాయంత్రం ఖర్చుకు హాలు బిల్లు మీద ఇంకో 50 వేలు పోయినట్టే. దుకాణానికి సరుకు కోసమో, ఇంట్లో జబ్బుకోసమో ఎత్తితే అది వేరే సంగతి. మీ చిట్టీ ఎంతదో, ఎన్ని నెలలు అయిపోయాయో నాకు తెలియదు. ఈ లెక్క మీ ఇద్దరూ కలిసి, బాబు పడుకున్నాక, ఒక కాగితం మీద వేయండి.

మామగారి దగ్గరికి వస్తున్నాను. నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే.

పాలమూరు లేబర్ అంటే తెలియని ఆనకట్ట మన దేశంలో తక్కువ. కాలువలు, రైలు కట్టలు, రిజర్వాయర్లు, ఎక్కడ మట్టి తవ్వాలంటే అక్కడికి గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా పని. గడ్డపార, పార, తట్ట. మా వైపు నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అంత పెద్ద రాతి ఆనకట్ట యంత్రాల కంటే మనుషుల చేతులతోనే ఎక్కువ లేచింది. మా పల్లె ముసలివాళ్లు ఆ డ్యామ్ మీద నిలబడి నీళ్లను చూసేవాళ్లు కాదు, రాళ్లను చూసేవాళ్లు. మీ మామగారి కోపం నాకు అక్కడి నుంచి అర్థమవుతుంది. ఆయన మాటలో రెండు నొప్పులు కలిసి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి.

ఒకటి, జేసీబీ ఆయన పని తీసేసింది. ఇది నిజం. గుంపు మొత్తం రోజంతా తవ్వేదాన్ని ఆ బండి గంటల్లో తవ్వేసింది. దీన్ని కాదని ఆయనతో వాదించకండి. "అది బొమ్మే కదా మామయ్యా" అనకండి. ఆయనకు అది బొమ్మ కాదు. రెండోది, మట్టిపని అంటే తక్కువ పని అని, దాని గుర్తు కూడా ఇంట్లో ఉండొద్దని ఆయన అనుకోవడం. ఇక్కడే మీ బాబు వేరేలా ఆలోచిస్తున్నాడు. వాడికి మట్టి తవ్వడం లోకంలోకెల్లా గొప్ప పని. వారం రోజులు గేటు పట్టుకుని వాడు చూసింది తాత చేసిన పనినే. తాత చేశాడని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకని మామగారిని ఒప్పించడానికి వెళ్లకండి, అడగడానికి వెళ్లండి. మీరు కాదు, మీ ఆయన వెళ్లాలి. కోడలు ఎంత ప్రేమగా అడిగినా ఈ మాట ఆయనకు ఆజ్ఞలాగో, జాలిలాగో అనిపించవచ్చు. కొడుకు అడిగితే వేరు. బాబు పక్కన లేని వేళ చూసుకుని, "నాయనా, నువ్వు ఏ ఏ డ్యాముల మీద పని చేసినవ్?" అని మొదలుపెడితే చాలు. పుట్టినరోజు మాట ఆ రోజు ఎత్తకపోయినా ఫర్వాలేదు. ఆయన చెప్పడం మొదలుపెడితే బాబును పిలిచి కూర్చోబెట్టండి. చెప్పకపోతే వదిలేయండి. వలసలో పోయిన పిల్లల గురించి, చచ్చిపోయిన తోటివాళ్లగురించి మాట్లాడటం ఇష్టం లేని పెద్దలు ఎందరో ఉన్నారు. మాట్లాడకపోవడం కూడా ఆయన హక్కే. ఆయన్ను పార్టీలో నిలబెట్టి, మైకు ఇచ్చి, తలపాగా కట్టి "మేస్త్రి తాత" అని ఫొటోలు తీయాలన్న ఆలోచన మీ ఆడపడుచు ఇచ్చారని రాశారు. ఆయన తనంతట తాను అడిగితే తప్ప అది వద్దు. ఆయన బతుకు అలంకరణ కాకూడదు.

బాబు ప్రశ్నకు మాత్రం ఈ రోజే జవాబు చెప్పండి. "తాతకు నీ మీద కోపం లేదు. తాత చిన్నప్పటి నుంచి చేతుల్తో మట్టి తవ్విండు, జేసీబీ వచ్చినంక పని పోయింది, అందుకే బాధ" అంటే ఐదేళ్ల పిల్లవాడికి అర్థమవుతుంది. వాడు వెళ్లి తాతను ఏదో ఒకటి అడుగుతాడు కూడా. ఆ సంభాషణలో మీరు దూరకండి.

ఇక దారులు. నాకు నాలుగు కనబడుతున్నాయి.

మీ ఆయన అన్నట్టు హాల్లో చేయవచ్చు. బంధువులందరూ ఒకచోట కలుస్తారు, మీకు వంట పని ఉండదు, ఆయన మనసు నిండుతుంది. ఇది చిన్న లాభం కాదు. కానీ డబ్బు సంగతి చెప్పాను. రెండోది, హాల్లో పార్టీ పెద్దవాళ్ల వేళల ప్రకారం నడుస్తుంది. ఎవరో ఒక పెద్దమనిషి రాలేదని కేక్ ఆపుతారు, డీజే పెంచుతారు, పిల్లలు కుర్చీల మీద నిద్రపోతారు. హాలే ఖాయమైతే ఏడు గంటలకు కేక్ అని కార్డులోనే వేయించి, ఎవరు రాకపోయినా కోయండి. అడవి థీమ్ మాత్రం మళ్లీ పెట్టకండి. బాబుకు ఆ ప్లాస్టిక్ చెట్ల వెనక ఎలుగుబంటే కనిపిస్తుంది. వాడికి చెట్టు చూపించాలనిపిస్తే మీ ఊరికి నాలుగడుగుల దూరంలో ఏడు వందల ఏళ్ల పిల్లలమర్రి ఉంది కదా. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించిన చెట్టు అని చెప్తే వాడు పది రోజులు అదే మాట్లాడతాడు. ఏ వేళల్లో, ఎంత దగ్గరిదాకా వెళ్లనిస్తున్నారో కనుక్కుని ఒక ఆదివారం తీసుకెళ్లండి.

రెండో దారి, ఇంటి డాబా మీద బాబు కోరిన జేసీబీ పార్టీ. మామగారు అవునన్నా, కనీసం "మీ ఇష్టం" అన్నా ఇదే బాగుంటుందని నా మనసు చెబుతోంది. దీని గురించి కింద వివరంగా రాస్తాను.

మామగారు గట్టిగా వద్దంటే మూడో దారి ఉంది. ఇంట్లో గుడి, హారతి, బగారన్నం, దగ్గరివాళ్లు. థీమ్ ఏమీ లేదు. బాబు స్నేహితులకు మాత్రం వేరే రోజు, మీ అమ్మగారింట్లోనో, ఎవరైనా స్నేహితురాలి ఇంట్లోనో ఇసుక ఆట. ఇది రెండు పనులు కాబట్టి మీకు శ్రమ ఎక్కువ. పైగా తాతకు తెలియకుండా చేశారన్న మాట తర్వాత ఎప్పుడో బయటికొస్తే ఇంకా బాధ. కాబట్టి దాచకుండా, "ఇంట్లో వద్దన్నవు కదా, అక్కడ చేస్తున్నం" అని ముందే చెప్పాలి.

నాలుగోది, ఈ ఏడాది ఏమీ చేయకపోవడం. బడిలో చాక్లెట్లు పంచి, గుడికి వెళ్లి, రాత్రి ఇంట్లో పాయసం. మీ అలసట నిజంగా అంత ఎక్కువైతే ఇదీ మంచి దారే. కాకపోతే బాబు ఎదురుచూస్తున్నాడు. ఎందుకు చేయలేదో వాడు తనే ఒక కారణం ఊహించుకుంటాడు. అది తాత కోపమే అనుకునే ప్రమాదం ఉంది. ఈ దారి పడితే కారణం మీరే చెప్పాలి, వాడికి ఒక చిన్న జేసీబీ బొమ్మ అయినా చేతికివ్వాలి.

డాబా మీద చేస్తే ఎలా అన్నది రాస్తాను. దీనికి ఈవెంట్ వాళ్లు అక్కర్లేదు. మీ 30 వేలల్లో సగానికి పైగా భోజనాలకు పోయినా మిగిలింది సరిపోతుంది.

మధ్యాహ్నం నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలకు. వాడి తరగతిలోని, వీధిలోని పదిపన్నెండు మంది చాలు. ఐదున్నరకు కేక్. బంధువుల భోజనాలు ఏడుకు మొదలు. ఇట్లా విడదీస్తే పిల్లలు నిద్రకు ముందు ఆడుకుంటారు, పెద్దవాళ్లు ఎంత ఆలస్యంగా వచ్చినా ఎవరికీ ఇబ్బంది లేదు. కేక్ మళ్లీ కోయమని ఎవరైనా అడిగితే రెండో చిన్న కేక్ పెట్టుకోండి, కొందరికి అది కూడా ముచ్చట.

ఆట అంతా ఇసుకలోనే. రెండు మూడు బస్తాల సన్న ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, గాజు పెంకులు, మేకులు లేవని చేత్తో తడిమి చూడండి. కొంచెం నీళ్లు చల్లితే కళ్లల్లో పడదు. ముందు రోజు రాత్రి కప్పి ఉంచకపోతే పిల్లి పాడుచేస్తుంది. పిల్లల్ని వాళ్ల జేసీబీ, టిప్పర్ బొమ్మలు తెచ్చుకోమనండి. మీ ఆయన దుకాణంలో అట్టపెట్టెలు గుట్టలుగా ఉంటాయి. వాటికి పసుపు కాగితం అంటిస్తే ఇటుకలు. గోడ కట్టడం, పడగొట్టడం, మళ్లీ కట్టడం. ఐదేళ్ల పిల్లలకు ఇంతకు మించిన ఆట నేను చూడలేదు. యాంకర్ అక్కర్లేదు, ఒక పెద్దమనిషి కూర్చుని చూస్తే చాలు. కేక్ మీద చాక్లెట్ బిస్కెట్ పొడి మట్టిలా చల్లి ఒక బొమ్మ పెట్టించండి. వెళ్లేటప్పుడు పిల్లలకు చిన్న బకెట్, పార ఇస్తే అదే వాళ్లు ఇంటికి తీసుకెళ్లే గిఫ్ట్.

బాబుకు ఒక కథ కూడా చెప్పండి. జేసీబీ అన్నది ఒక మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ ఆయన 1945లో ఒక చిన్న గ్యారేజీలో మొదలుపెట్టిన కంపెనీకి ఆయన పేరులోని మొదటి అక్షరాలే పేరయ్యాయి. మనం ఏ కంపెనీది అయినా ఆ మాదిరి బండిని జేసీబీ అనేస్తాం. పొక్లెయిన్ కూడా అంతే, అది ఒక ఫ్రెంచ్ కంపెనీ పేరు. ఇది వింటే వాడు తన పేరుతో కూడా ఒక బండి ఉండాలంటాడు. అట్టపెట్టెతో చేసే పెద్ద జేసీబీ మీద వాడి పేరులోని అక్షరాలు రాయండి.

నిజం జేసీబీని గంట లెక్కన అద్దెకు తెచ్చి ఇంటి ముందు నిలపాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తెచ్చినా ఇంజిన్ ఆపి, తాళం డ్రైవర్ జేబులో పెట్టుకుని, బకెట్ నేలకు ఆనించి ఉండాలి. బకెట్లో పిల్లల్ని కూర్చోబెట్టి పైకి లేపి ఫొటోలు తీయడం ఈమధ్య పెళ్లి ఊరేగింపుల్లో చూస్తున్నాం. అది మనుషుల్ని మోసే బండి కాదు. వద్దమ్మా, బతిమాలి చెబుతున్నాను. పైగా అది వీధిలోకి వచ్చిందంటే మామగారికి ఏమనిపిస్తుందో కూడా చూసుకోవాలి. ఇంట్లో బొమ్మకు ఆయన ఒప్పుకున్నారంటే వాకిట్లో బండికి ఒప్పుకున్నట్టు కాదు.

జాగ్రత్తల్లో ఒకటి నా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా చెల్లి కొడుకు పుట్టినరోజుకు, పిల్లలు ముచ్చటపడుతున్నారని నేనే ఆ నురగ స్ప్రే డబ్బాలు తెచ్చి పంచాను. కొవ్వొత్తి వెలుగుతుండగా ఒకరు కొట్టారు. ఒక్క క్షణంలో మంట లేచి వాడి చొక్కా చెయ్యి అంటుకుంది. మా బావ వెంటనే నీళ్లు పోశాడు గనుక చిన్న మచ్చతో పోయింది. ఆ డబ్బాల్లో స్ప్రేను బయటికి తోసే వాయువుకు నిప్పు అంటుకుంటుంది. నిప్పు ఉన్నచోట ఆ డబ్బా ఇంట్లోకే రానివ్వకండి. పైకి ఎగిరే బెలూన్లు కూడా వద్దు. చాలాచోట్ల వాటిలో హైడ్రోజన్ నింపుతారు, నిప్పు తగిలితే పేలుతుంది. నోటితో ఊదిన మామూలు బెలూన్లు చాలు. పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. డాబా పిట్టగోడ పిల్లల ఛాతీ కంటే ఎత్తుగా లేకపోతే పార్టీ కింద వాకిట్లోనే పెట్టండి. గోడ పక్కన కుర్చీలు, పెట్టెలు వేయకండి, ఎక్కుతారు.

అత్తగారి మాట ఇక్కడ సులువుగా కలుస్తుంది. కేక్ మీద కొవ్వొత్తులు వద్దు. పొద్దున తలంటు, గుడి. సాయంత్రం ఆవిడ పెట్టిన ఐదు ప్రమిదలు, ఒక్కో ఏడాదికి ఒకటి, బాబు వెలిగించాలి. ఆర్పడం లేదు. ఆ తర్వాత హారతి, ఆ తర్వాత కేక్. స్ప్రే లేదు, ఊదడం లేదు, కేక్ మీద తుంపర్లు పడవు. ఆవిడ అడిగింది ఎంత మంచిదో ఆవిడకే చెప్పండి. ఇంట్లో ఇన్ని మాటల మధ్య ఆవిడ మాటకు ఎవరూ పట్టించుకున్నట్టు మీ ఉత్తరంలో కనబడలేదు.

భోజనాల దగ్గర శ్రావణం గుర్తుపెట్టుకోండి. వచ్చేవాళ్లలో చాలామంది మాంసం ముట్టరు. చికెన్ ఒక పక్క, కూర ఒక పక్క పెట్టి రెండు గరిటెల గోల పడేకంటే బగారన్నం, ఆలుగడ్డ కుర్మా, పెరుగు చట్నీ పెట్టేయండి. కేక్ ఎగ్‌లెస్ చెప్పండి. పిల్లలకు ఉడకబెట్టిన మక్క కంకులు, మెత్తగా ఉడికిన గుడాలు. మక్కలకు అది సీజన్, పిల్లలు ఇసుక చేతులు కడుక్కుని కంకి పట్టుకుంటే అరగంట కదలరు. పల్లీలు మాత్రం చిన్నపిల్లలకు వద్దు.

వాన సంగతి కూడా. టార్పాలిన్ ముందే కట్టించండి, కుదరకపోతే ఇసుకను పెద్ద టబ్బుల్లో పోసి వసారాలో పెట్టండి. వాన పడితే పార్టీ చెడిపోయిందని మీరు అనుకుంటారు. పిల్లలు అనుకోరు.

పనులు పంచడం మీ చేతుల్లోనే ఉంది. ఇసుక, టార్పాలిన్, అట్టపెట్టెలు మీ ఆయనవి. ప్రమిదలు, గుడి అత్తగారివి. కేక్, పిల్లల పిలుపులు మీవి. వంట బయటివాళ్లకు. మీరు అడగకపోతే ఎవరూ చేయరు, అది మీకు తెలుసు. మొదట మీరు రాసుకున్న ఆ ఒక్క కోరిక ఎక్కడ ఇరికించాలో కూడా చూడండి.

ఒక చిన్న సంగతి మిగిలింది. మీ ఆయన వాళ్ల నాయన దగ్గర కూర్చుని డ్యాముల మాట అడిగే రోజున, తాను ఎప్పుడు పుట్టాడో కూడా అడగమనండి. చదువు రాని పెద్దలకు తేదీలు గుర్తుండవు గానీ పని గుర్తుంటుంది. ఏ కాలువ మీద పని నడుస్తుంటే ఊరి నుంచి కబురు వచ్చిందో, అప్పుడు వానలా ఎండలా, ఏ పండుగ దాటిందో ఆయన చెప్పగలరు. జూన్ కాదని తేలవచ్చు, ఒక మాసమైనా దొరకవచ్చు. శ్రావణం వచ్చిందంటే ఇల్లు పూజలతో, పేరంటాలతో నిండిపోతుంది, ఇద్దరికీ కూర్చునే తీరిక ఉండదు. ఈ ఆషాఢంలోనే, దుకాణం మూసిన ఒక రాత్రి అడగమనండి.